పొగ పల్చబడితే అన్నం అయినట్టు

మొన్న ఆదివారం విజయవాడ చిట్టినగర్‌లో మా సందులో తెల్లటి పొగ లేచింది. ముక్కు లోపల సూది గుచ్చినట్టుండే ఘాటు. పక్క వాటాలో అద్దెకుండే కుర్రాళ్లు ఏ వైరో కాలుతోందనుకుని బయటికి పరుగెత్తుకొచ్చారు. నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను. అది గిన్నెలకు కళాయి వేసేటప్పుడు చల్లే నవాసాగరం వాసన. నా చిన్నప్పుడు ఆ వాసన వచ్చిందంటే మా ఇంట్లో సీజన్ మొదలైనట్టే.

నాన్న పోయి రెండేళ్లు కావస్తోంది. అటక మీది ఇత్తడి గుండిగ దింపి లోపల కళాయి, అంటే తగరం పూత, వేయించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఈ సంక్రాంతికి మా చెల్లెళ్లు, బావగార్లు, పిల్లలు అందరం కలిసి విశాఖపట్నం వెళ్దామని అనుకున్నాక ఇక ఆగలేకపోయాను. పులిహోర ఆ గుండిగలోనే కలిపి పట్టుకెళ్లాలని నా పట్టుదల. కళాయి వేసేవాళ్లే దొరకలేదు. చివరికి వన్‌టౌన్‌లో పాత ఇత్తడి సామాన్ల కొట్టులో అడిగితే ఒక పెద్దవయసు సాయిబు గారి నంబరు ఇచ్చారు. ఆయన స్కూటర్ మీద వచ్చి, ఇనప పొయ్యిలో బొగ్గులు పోసి, చేత్తో తిప్పే బ్లోయర్‌తో గాలి కొట్టారు. పూర్వం తోలుతిత్తి ఉండేది, దాని ఊపిరి సందు చివరిదాకా వినపడేది. గుండిగ బాగా కాలాక నవాసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ తాకించి, దూదితో గుండ్రంగా రాస్తే, నల్లబడి ఉన్న లోపలి గోడ చూస్తుండగానే వెండిలా అయిపోయింది.

నాన్న అయితే ముందు తగరం కడ్డీ చేతిలోకి తీసుకునేవారు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచేవారు. అసలైన తగరం వంచితే సన్నగా కిర్రుమంటుంది. సీసం కలిపితే ఆ చప్పుడు రాదు. "ఏడుస్తోంది, మంచిదే" అని తిరిగి ఇచ్చేవారు. మొన్న నేను కూడా వంచి విన్నాను. ఏడ్చింది.

---

నాన్న టూరు బస్సుల వంటమాస్టరు. మామూలు రోజుల్లో పెళ్లిళ్లు, అన్నసమారాధనలు. కార్తీకమాసం వచ్చిందా, ఇక సంక్రాంతి వెళ్లేదాకా ఇంట్లో నిలిచేవారు కాదు. కంకిపాడు, ఉయ్యూరు, మంగళగిరి, తెనాలి వైపు ఊళ్ల నుంచి కోతలు అయినవాళ్లు, కాబోతున్నవాళ్లు బస్సు మాట్లాడుకుని యాత్రకు బయలుదేరేవారు. నలభై ఐదు సీట్ల బస్సు, మధ్య దారిలో స్టూళ్లు, మొత్తం యాభై మంది. ద్వారకా తిరుమల, అన్నవరం, సింహాచలం, విశాఖపట్నం, అరకు, బొర్రా గుహలు. దాదాపు అందరిదీ అదే దారి. బళ్లు సెలవులిస్తే నేనూ వెళ్లేవాడిని. ఊరికే కాదు, పనికి. ఉల్లిపాయలు కోయడం, నీళ్లు మోయడం, విస్తళ్లు వేయడం.

బయలుదేరే రోజు సాయంత్రం బస్సు దుర్గగుడి కొండ కింద ఆగేది. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, డ్రైవర్ బాబాయ్ హారన్ మోగించేవాడు. బస్సు నెత్తిన గుండిగలు, మూతలు, గంగాళం, తాళ్లతో బిగించిన సరుగుడు కట్టెలు. డిక్కీలో బియ్యం, పప్పు, నూనె డబ్బాలు, అమ్మ ముందురోజు ఉడికించి జాడీలకెత్తిన చింతపండు గుజ్జు. నా పడక డ్రైవర్ సీటు వెనకాల బియ్యం బస్తా మీద. రావులపాలెం దగ్గర గోదావరి వంతెన ఎక్కగానే ఎవరో ఒకరు "గోదారమ్మా!" అనేవారు, చీకట్లో కిటికీల్లోంచి చిల్లర ఎగిరేది. ఇనప కమ్మీలకు తగిలి కొన్ని నాణేలు టింగుమనేవి. ఆ చప్పుడుకు సగం నిద్రలో లేచి, మళ్లీ పడుకుంటే అన్నవరంలో తెల్లారేది. ఆకులో పొట్లం కట్టిన గోధుమనూక ప్రసాదం వేడి చేతికి తగులుతుంటే నిద్ర పూర్తిగా వదిలేది.

---

మన కృష్ణా, గుంటూరు వాళ్లకు సముద్రం లేక కాదు ఇంత దూరం పోవడం. మంగినపూడి ఉంది, హంసలదీవి ఉంది, బాపట్ల దగ్గర సూర్యలంక ఉంది. మన సముద్రానికి గట్టు లేదు. కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు మట్టి నేల, అరచేతిలా పరుచుకుని నీళ్లలోకి జారిపోతుంది. నిలబడితే సముద్రం మన కళ్ల ఎత్తునే కనపడుతుంది. విశాఖలో అలా కాదు. తూర్పు కనుమల కొండలు నడుచుకుంటూ వచ్చి నీటి అంచున ఆగిపోయాయి. డాల్ఫిన్ నోస్ అయితే ఆగలేదు కూడా, ముక్కు ముందుకు చాచి సముద్రంలోకే వెళ్లిపోయింది. కొండ మీద నుంచి కిందకి చూస్తే సముద్రం. ఆ ఒక్క చూపు కోసం మా వాళ్లు మూడువందల యాభై కిలోమీటర్లు స్టూళ్ల మీద కూర్చుని వచ్చేవాళ్లు. నాకు అందులో ఇప్పటికీ ఏ వింతా అనిపించదు.

కైలాసగిరి దగ్గర మా బస్సు కొండ కిందే ఆగేది. సీజన్లో అప్పూఘర్ నుంచి రోడ్డు పొడవునా బస్సులే. ఒక బస్సుకూ ఇంకో బస్సుకూ తేడా తెలియదు. అందుకని మా బస్సు అద్దానికి పసుపుగుడ్డ కట్టేవాళ్లం. సముద్రం వైపు సరుగుడు చెట్ల నీడ చూసుకుని నాన్న గాడిపొయ్యి తవ్వేవారు.

ఆ తవ్వడం గురించి కొంచెం చెప్పాలి. ఇసుకలో గాడి తవ్వితే పక్కలు కూలిపోతాయి, తడి ఇసుక దాకా దిగాలి. ఇక గాలి. తెల్లవారుజామున నేల మీది చల్లగాలి సముద్రం మీదికి పోతుంది. పొద్దెక్కి ఇసుక కాలడం మొదలయ్యాక అది తిరగబడి సముద్రం మీద నుంచి నేల మీదికి వస్తుంది. తెలియనివాడు పొద్దున్న గాలి చూసి పొయ్యి నోరు పెడతాడు. పది దాటేసరికి మంట వెనక్కి తన్ని, పొగంతా వండేవాడి కళ్లలోకి వస్తుంది, అన్నం అడుగంటుతుంది. నాన్న గాడికి రెండు వైపులా నోరు పెట్టేవారు. పొద్దున ఉప్మాకి కొండ వైపు నుంచి కట్టెలు తోసేవారు. మధ్యలో ఒకసారి తలపాగా విప్పి గాలిలో పట్టుకుని చూసేవారు. "గాలి తిరిగిందిరా" అనగానే నేను కొండ వైపు నోటికి రాయి అడ్డం పెట్టి, సముద్రం వైపు నోరు తెరిచేవాడిని. ఎనిమిది కిలోల బియ్యం ఒక్కసారి ఎసట్లో పోస్తే ఆ మంటకు ఏ మెతుకుకామెతుకు విడిచేది.

సముద్రం ఎదురుగా ఉన్నా గుక్కెడు నీళ్లకు కరువే. సింహాచలంలో డ్రమ్ములు నింపుకుని వచ్చేవాళ్లం. ఆ నీళ్లు వంటకీ తాగడానికీ. గిన్నెలు తోమడానికి ఇసుక, ఉప్పునీళ్లు. ఆఖరున ఒక్క చెంబెడు మంచినీళ్లతో తొలిపేవాళ్లం. లేకపోతే ఇత్తడి మర్నాటికి పచ్చబడుతుంది.

---

కూరగాయలు కోసి ఇచ్చాక నాకు ఇంకో పని. చేతికి ఒక స్టీలు పళ్లెం, ఒక గరిటె ఇచ్చి నాన్న పైకి పంపేవారు. మా జనమంతా మెట్లెక్కి కొండ మీదికి వెళ్లిపోయి ఉంటారు. సెల్‌ఫోన్లు లేవు. అన్నం అయిందని వాళ్లకు చెప్పాలి. నాకు ఎవరు చెప్పాలి? పొయ్యి చెప్పేది.

సముద్రానికి నూట డెబ్బై మీటర్ల పైచిలుకు ఎత్తు ఆ కొండ. కొనకు వెళ్లి దక్షిణానికి చూస్తే బీచ్ రోడ్డు కొడవలిలా వంగి, అల నురగ దాని పక్కనే ఇంకో గీతలా వంగి, ఊరంతా దాటి చిట్టచివర డాల్ఫిన్ నోస్ నల్లగా ఉండేది. అందరూ అటు చూసేవాళ్లు. నేను నా కాళ్ల కిందికి చూసేవాడిని. సరుగుడు చెట్ల మధ్య నుంచి పొగలు. సంక్రాంతి ముందు రోజుల్లో అయితే ఇరవై, పాతిక పొగలు. అందులో మాది ఏదో గుర్తుపెట్టుకోవాలి. అన్నం ముప్పావు ఉడికాక నాన్న గంజి వార్చి, కట్టెలు బయటికి లాగేసి, ఉత్త నిప్పుల మీద మగ్గనిచ్చేవారు. అప్పుడు పొగ పల్చబడుతుంది. అది చూసి నేను పళ్లెం మీద గరిటెతో కొట్టేవాడిని. మూడు దెబ్బలు, ఆగి ఒకటి. టంగ్ టంగ్ టంగ్... టంగ్. అది మా బస్సు మోత. కొందరు ఈల వేసేవాళ్లు, ఒక బస్సు వాళ్లు శంఖం ఊదేవాళ్లు. ఆ రద్దీలో, ఆ గాలిలో కూడా ఎవరి పిలుపు వాళ్లకు అందేది. రాళ్ల మీద నుంచి, బఠాణీల బండి దగ్గర నుంచి, ఫొటోలు తీసేవాళ్ల దగ్గర నుంచి మా వాళ్లు ఒక్కొక్కరే తలతిప్పడం పైనుంచి కనపడుతుంటే చాలా గర్వంగా ఉండేది నాకు.

అందరూ వచ్చాక కింద తలలు లెక్కపెట్టేవారు. ఎవరైనా తక్కువైతే నాన్న నిప్పుల మీద పచ్చి సరుగుడు కొమ్మ వేసేవారు. గుప్పున తెల్లగా లేస్తుంది. పల్చబడ్డ పొగ మళ్లీ చిక్కబడితే ఇంకా ఎవరో పైన ఉన్నారని అర్థం. నేను మెట్ల మీద ఎక్కడున్నా వెనక్కి తిరగాలి.

---

ఒక ఏడాది అలా తెల్లపొగ లేచింది. సగం మెట్లు దిగినవాడిని మళ్లీ ఎక్కాను. జనం ఎంత ఉన్నారంటే నేను వెళ్తున్న దారి నాకే కనపడలేదు. పళ్లెం కొట్టుకుంటూ తిరిగితే, అందరూ ఫొటోలు తీసుకునే చోటికి దూరంగా, ఒక బండ మీద మా బస్సులో వచ్చిన మామ్మ గారు కూర్చుని ఉన్నారు. దివిసీమ మనిషి. అవనిగడ్డ దగ్గర పల్లె. కూతురు వాళ్లతో వచ్చారు. మోత వినపడలేదేమో అనుకున్నాను.

"వినపడింది అబ్బాయ్. కాసేపు కూచోనీ."

పక్కన కూర్చున్నాను. ఆవిడ సముద్రాన్ని చూస్తున్నారు, ముచ్చటపడి చూడటం కాదు, ఎవరినో పోల్చుకుంటున్నట్టు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన గురించి దివిసీమలో చెప్పనివాళ్లు ఉండరు. వేలమంది పోయారు. ఆవిడ తాటిచెట్టు పట్టుకుని బతికారని, పెనిమిటి, చిన్నకొడుకు దక్కలేదని తర్వాత బస్సులో ఎవరో చెప్పారు. అప్పుడు నాకేమీ తెలియదు.

"దీన్ని ఇంత కిందగా ఎప్పుడూ చూళ్లేదు" అన్నారు. "మా దగ్గర ఇది మనెత్తునే ఉంటది."

ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు. కాసేపటికి నా భుజం పట్టుకుని లేచారు. మెట్లు దిగుతున్నంతసేపూ చెయ్యి తీయలేదు. కింద నాన్న అప్పటికి అందరికీ వడ్డించేసి, ఆవిడకు, నాకు విస్తళ్లు వేసి ఉంచారు. ఆలస్యమైందని ఎవరూ ఒక్క మాట అనలేదు. నాన్న కోపం వస్తే గరిటె విసిరే మనిషి, ఆయన కూడా ఏమీ అనలేదు. ఆవిడ చారు రెండుసార్లు అడిగి వేయించుకోవడం నాకు గుర్తుంది.

---

దసరా సెలవుల్లో, క్రిస్మస్ రోజుల్లో బెంగాలీలు ఎక్కువగా వచ్చేవాళ్లు. వాళ్లకూ మనలాగే వంటవాళ్లు వెంట వస్తారు. ఒకసారి మా పొయ్యి పక్కనే వాళ్ల పొయ్యి. ఆవనూనె కాగిందంటే ఆ ఘాటు నవాసాగరానికి ఏమీ తీసిపోదు. మాది కార్తీకమాసం బస్సు, వాళ్లది చేపల వంట. మా వాళ్లు కొందరు ముక్కులు మూసుకుని పొయ్యి జరపమన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "వాడి పని వాడిది" అన్నారు. ఆ వంటాయనకు గాలి తిరిగే సంగతి తెలియదు. పది గంటలకు పొగ మొహాన కొట్టి దగ్గుతుంటే నాన్నే వెళ్లి, భాష రాకపోయినా చేతులతో చూపిస్తూ, గాడి రెండో నోరు తవ్వించారు. మధ్యాహ్నం ఆయన ఒక గిన్నెలో టమాటా, ఖర్జూరం వేసిన తియ్యటి పచ్చడి పంపాడు. నాన్న గోంగూర పచ్చడి పంపారు, పైన పచ్చి ఉల్లిపాయ పెట్టి. ఆ తర్వాత రెండు మూడు సీజన్లు కొండ కింద ఆయన్ను వెతికాం. మళ్లీ కనపడలేదు.

డాల్ఫిన్ నోస్‌కి వెళ్లే రోజు వంట ఉండదు, పులిహోర పొట్లాలే. అందుకే నాకు ఆ కొండ అంటే సెలవు. లైట్‌హౌసు లోపలికి మధ్యాహ్నం పూట కాసేపే వదిలేవాళ్లు. సీజన్లో ఆ క్యూలో నిలబడే పొట్లాలు విప్పేవాళ్లు. 1957లో కట్టిన లైట్‌హౌసు అది. మన ప్రకాశం బ్యారేజీదీ అదే ఏడు, ఇద్దరూ ఒక ఈడువాళ్లు అని డ్రైవర్ బాబాయ్ ప్రతిసారీ చెప్పేవాడు. దాని కాంతి అరవై కిలోమీటర్లు దాటి కనపడుతుందట. పైనుంచి చూస్తే హార్బరులోకి వెళ్లే ఓడలు కొండ పాదాల పక్క నుంచి నెమ్మదిగా, ఒక్క చప్పుడూ లేకుండా జారిపోయేవి. రాత్రి బీచ్‌లో బస్సు పక్కన చాపలు వేసుకుని పడుకుంటే ఆ వెలుగు చుట్టూ తిరిగి వచ్చి మా గుండిగల మీద తళుక్కుమనేది. తోమింది బాగుందో లేదో ఆ వెలుగులో చూసుకునేవాడిని.

---

తర్వాత తర్వాత బస్సుల వాళ్లకు హోటళ్లలో భోజనాలు అలవాటయ్యాయి. ప్యాకేజీలు వచ్చాయి. ఒక యజమాని ఆఖరి రెండు ట్రిప్పుల కూలి ఇవ్వకుండా తిప్పించాడు. నాన్న నాలుగుసార్లు వెళ్లి, ఐదోసారి వెళ్లలేదు. ఆయన మోకాళ్లు కూడా అప్పటికే అరిగిపోయాయి. గుండిగలు అటకెక్కాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు టీవీలో కైలాసగిరి చూపించారు. పచ్చటి కొండ కాల్చినట్టు గోధుమరంగులోకి వచ్చేసింది. నాన్న టీవీకి అంత దగ్గరగా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. "మన తోపు ఉందో లేదో చూపించరేంట్రా" అని రెండు రోజులు అడిగారు.

అన్ని సీజన్లు విశాఖ వెళ్లిన మనిషి ఒక్కసారి కూడా కొండ ఎక్కలేదు. పొయ్యి వదిలి ఎలా వెళ్తారు? కొన్నేళ్ల తర్వాత, ఒక జనవరిలో, నేనే తీసుకెళ్లాను. రోప్‌వే పెట్టె కదలగానే గట్టిగా కమ్మీ పట్టుకున్నారు. పైన శివపార్వతుల తెల్లటి పెద్ద విగ్రహాల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం, చిన్న రైలు కూత, పిల్లల ఏడుపులు, అందరి చేతుల్లో ఫోన్లు. నాన్నను మెల్లగా కమ్మీ దాకా నడిపించాను. సముద్రం చూడమన్నాను. చూశారు. బాగుందన్నారు. తర్వాత కిందికి వంగి చాలాసేపు వెతికారు.

"పొగ ఒక్కటీ లేదేంట్రా."

"ఇప్పుడందరూ హోటళ్లలోనే తింటున్నారు నాన్నా."

"మన పొయ్యి ఎక్కడుండేది?"

చూపించాను. నిజానికి నాకూ కచ్చితంగా తెలియలేదు, చెట్లు మారిపోయాయి, రోడ్డు వెడల్పయింది. ఒక చోటు చూపించి అక్కడే అన్నాను. తల ఊపారు. మా వెనక మొక్కజొన్న కండెలు కాల్చే ఆవిడ విసనకర్రతో బొగ్గులు విసురుతోంది. ఉన్నట్టుండి నిప్పురవ్వలు ఆవిడ వైపే లేచాయి. నాన్న భుజం మీది తువ్వాలు తీసి గాలిలో పట్టుకుని చూసి, "గాలి తిరిగిందమ్మా, ఇటొచ్చి కూర్చో" అన్నారు. ఆవిడ కుంపటి ఎత్తుకుని ఇటు వైపు వచ్చింది. గడియారం చూశాను. పదకొండు కావస్తోంది.

ఇప్పుడు అక్కడ గాజు వంతెన కూడా వచ్చింది. మా అమ్మాయి దాని వీడియోలు చూపించి సంక్రాంతికి టికెట్లు దొరుకుతాయో లేదో అని ఇప్పటినుంచే టెన్షన్ పడుతోంది. దొరుకుతాయిలే అన్నాను.

మొన్న కళాయి పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. సాయిబు గారు గుండిగ బోర్లించి, నీళ్లు చల్లి, చల్లారిందో లేదో చూసి నా ముందుకు తోశారు. లోపలికి చూస్తే నా మొహం కనపడుతోంది. వంటింట్లోంచి గరిటె తెచ్చి అంచు మీద కొట్టాను. మూడు దెబ్బలు, ఆగి ఒకటి.

పైన కిటికీ తెరుచుకుంది. అమ్మ. ఎనభై ఏళ్లు దాటాక ఎవరు పిలిచినా ఒక పట్టాన వినపడదు. కిందికి తొంగి చూసి, "మూత మర్చిపోయావేంట్రా? అటక మీద వెనక్కి చూడు. మీ నాన్న లుంగీలో చుట్టి పెట్టాను" అంది.

పొయ్యి మీద నీళ్లు చల్లబోతున్న సాయిబు గారు చెయ్యి ఆపి, మళ్లీ గుప్పెడు బొగ్గులు వేశారు.